దిగుమతి హైబ్రిడ్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? ముందు బ్యాటరీ కథ వినండి

గత మే నెలలో విశాఖ సీతమ్మధారలోని ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు మా బావమరిదితో కలిసి ఒక టొయోటా ప్రియస్‌ను, అంటే పెట్రోలు ఇంజిన్, పెద్ద బ్యాటరీ రెండింటితో నడిచే హైబ్రిడ్ కారును, చూడడానికి వెళ్లాను. అతను మర్చంట్ నేవీలో ఇంజినీరు. ఏడాదిలో సగం ఓడ మీదే గడుపుతాడు. కారు 2011 మోడల్, మీటరు మీద 62 వేల కిలోమీటర్లు, ఒకే యజమాని, పెయింటు మీద గీత కూడా లేదు. చూపించిన మధ్యవర్తి మాత్రం ఒకే మాటను తిప్పి తిప్పి చెబుతున్నాడు: "తిరగని బండండి, బేటరీకి అరుగుదలేటుంటాది?" నేను వెనుక సీటు పక్కనున్న గాలి జాలీ మీద టార్చి వేశాను. లోపల బూడిదరంగు పీచు నలిగిన దుప్పటి ముక్కలా పేరుకుని ఉంది. వేలితో లాగితే పొరగా ఊడి వచ్చింది, దానిలో బీచ్ ఇసుక రేణువులు మెరిశాయి. హైబ్రిడ్ బ్యాటరీకి అదే ముక్కు. అది మూసుకుపోయిన కారు ఎంత తక్కువ తిరిగితే మాత్రం ఏం లాభం?

మీటరు కిలోమీటర్లను లెక్కపెడుతుంది కాని బ్యాటరీ వయసును లెక్కపెట్టదు. బ్యాటరీ ఆయుష్షును తినేవి ముఖ్యంగా వేడి, గాలి ఆడకపోవడం, నెలల తరబడి కదలకుండా నిలబడి ఉండటం; మన తీరంలో వీటికి ఉప్పుగాలి తోడవుతుంది. రోజూ మధురవాడ నుంచి గాజువాకకు వెళ్లి వస్తూ లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారు బ్యాటరీ, ఐదేళ్లు కవరు కప్పుకుని సెల్లార్‌లో పడుకున్న కారు బ్యాటరీ కంటే ఆరోగ్యంగా ఉండటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. కాబట్టి ఈ బ్యాటరీ ఇంకా ఎన్నేళ్లు వస్తుందని అమ్మేవాడిని అడగడం వృథా. ఆ జవాబు అతనికీ తెలియదు. ఇన్నాళ్లూ అది ఎక్కడ ఉంది, ఎలా ఉంది అన్నది మాత్రం మనమే స్వయంగా తెలుసుకోవచ్చు.

ముందుగా, అది నిజంగా దిగుమతి కారేనా?

'ఇంపోర్టెడ్' అనే మాటను అమ్మేవాళ్లు చాలా ఉదారంగా వాడతారు. మన దేశంలో సెకండ్ హ్యాండ్‌గా దొరికే దిగుమతి హైబ్రిడ్లలో ఎక్కువ భాగం, కంపెనీలే పూర్తిగా తయారైన స్థితిలో విదేశాల నుంచి తెప్పించి కొత్తగా అమ్మినవి: 2008లో వచ్చిన హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో వచ్చిన టొయోటా ప్రియస్, 2016లో థాయిలాండ్ నుంచి వచ్చిన అకార్డ్ హైబ్రిడ్, 2017లో అడుగుపెట్టిన లెక్సస్ కార్లు, 2020లో వచ్చిన వెల్‌ఫైర్. కామ్రీ హైబ్రిడ్‌ను 2013 నుంచి కర్ణాటకలోని బిడదిలోనే బిగించారు కనుక, దాన్ని దిగుమతి కారని చెప్పి ధర పెంచితే నమ్మనక్కర్లేదు. నిజానికి విడిభాగాల విషయంలో ఇక్కడ బిగించిన కారుకే సౌలభ్యం ఎక్కువ. ఛాసిస్ నంబరు మొదటి అక్షరాలు చూస్తే సంగతి తేలిపోతుంది. ఇంగ్లీషు 'జె'తో మొదలైతే జపాన్‌లో, 'ఎం ఆర్'తో మొదలైతే థాయిలాండ్‌లో తయారైనట్టు. 'ఎం ఎ' నుంచి 'ఎం ఇ' వరకు ఏదైనా ఉంటే మన దేశపు తయారీ.

విదేశంలో వాడిన కారును ఎవరో విడిగా తెప్పించారని చెబితే మరింత జాగ్రత్త అవసరం. మన దిగుమతి నిబంధనల ప్రకారం వాడిన కారు తయారై మూడేళ్లు దాటి ఉండకూడదు, స్టీరింగు కుడివైపున ఉండాలి, దిగుమతి ముంబయి రేవు ద్వారానే జరగాలి. కాబట్టి "మన విశాఖ పోర్టులోనే దిగింది సార్, దుబాయి బండి" అని ఎవరైనా అన్నారంటే ఆ కథలో రెండు తప్పులున్నాయి: దుబాయిలో నడిచేవి ఎడమవైపు స్టీరింగు కార్లు, పైగా వాడిన కారు ఇక్కడి రేవులో దిగే వీలు లేదు. అటువంటి కారుకు బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం), సుంకం కట్టిన రసీదు చూడకుండా బ్యాటరీ దాకా వెళ్లడం కూడా అనవసరం.

బ్యాటరీ లోపల ఏముంటుంది, ఎలా ముసలిదవుతుంది

ప్రియస్ రెండో, మూడో తరాల బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకానిది. అందులో 28 మాడ్యూళ్లు, ఒక్కో మాడ్యూల్‌లో 1.2 వోల్టుల సెల్లులు ఆరు. మొత్తం 168 సెల్లులు గొలుసులా వరుసగా కలిసి 201.6 వోల్టులు ఇస్తాయి. 2013 నాటి కామ్రీలో ఇటువంటి మాడ్యూళ్లే 34 ఉండి 244.8 వోల్టులు వస్తాయి. సివిక్ హైబ్రిడ్‌లో 132 సెల్లులు, 158 వోల్టులు. గొలుసు అన్నానంటే కారణముంది: వరుసలో ఒక్క సెల్లు నీరసించినా కరెంటు దాని గుండానే పోవాలి, అది త్వరగా నిండుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడితో పక్కవాటిని కూడా పాడుచేస్తుంది.

ఇంత చిన్న బ్యాటరీ ఏళ్ల తరబడి మన్నడానికి రహస్యం కంప్యూటరు పాటించే మితాహారమే. ప్రియస్ బ్యాటరీ మొత్తం సామర్థ్యం సుమారు 1.3 కిలోవాట్ అవర్లు మాత్రమే. కంప్యూటరు దాన్ని ఎప్పుడూ పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, దాదాపు 40 నుంచి 80 శాతం మధ్యనే తిప్పుతుంది. సామర్థ్యంలో కొంత భాగం పోయినా మీకు తెలియకపోవడానికి కూడా ఇదే కారణం. మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, ఇంజిన్ కాస్త తరచుగా లేస్తుంది, అంతే. హెచ్చరిక దీపం వెలిగేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది.

బ్యాటరీని చల్లబరచే ఫ్యాను బయటి గాలిని పీల్చదు, కారు లోపలి గాలినే పీలుస్తుంది. ఏప్రిల్ ఎండలో బీచ్ రోడ్డున నిలిపిన కారులోకి ఎక్కినప్పుడు మీ ముఖానికి కొట్టే వేడి గాలే మొదటి పది నిమిషాలూ బ్యాటరీకి అందుతుంది. జాలీకి పీచు పట్టి, పక్కన సూట్‌కేసు అడ్డం పెట్టి, ఏసీ వేయకుండా నడిపే యజమాని చేతిలో ఏ బ్యాటరీ బాగుపడదు.

ఇక నిలిపి ఉంచడం. నికెల్ సెల్లులు వాడకపోయినా వాటంతట అవే ఖాళీ అవుతుంటాయి, అదీ అన్నీ ఒకే వేగంతో కాదు. కొన్ని నెలలకు 168 సెల్లుల మధ్య ఎగుడుదిగుడులు ఏర్పడతాయి. పైగా ప్రియస్‌లో మామూలు సెల్ఫ్ మోటారు ఉండదు. ఇంజిన్‌ను తిప్పి లేపేది ఈ పెద్ద బ్యాటరీయే. అది మరీ అడుగంటితే బయటి నుంచి జంపర్ వైర్లు పెట్టి లాభం లేదు, ప్రత్యేకమైన ఛార్జరు కావాలి. సివిక్‌లో మాత్రం విడిగా 12 వోల్టుల సెల్ఫ్ ఉంటుంది కాబట్టి పెద్ద బ్యాటరీ చచ్చిపోయినా కారు స్టార్టవుతుంది. అమ్మేవాళ్లకు ఇది వరం, కొనేవాళ్లకు ఉచ్చు.

అకార్డ్ హైబ్రిడ్‌లో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. అది నిలిచి ఉన్నప్పుడు నికెల్ రకమంత త్వరగా ఖాళీ కాదు. వేడి మాత్రం దానికీ శత్రువే, తిరిగినా తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది. లిథియం ప్యాక్‌లో సెల్లులను రోడ్డు పక్క షెడ్డులో మార్పించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

కారు దగ్గర నిలబడి చూడవలసినవి

కారును చల్లగా ఉంచమని, మీరు వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో ఏదో సర్దారన్న అనుమానం సహజం. తరువాత గడియారం చూడండి. తప్పు సమయం చూపిస్తూ, ట్రిప్ మీటరు, సగటు మైలేజీ రెండూ సున్నా నుంచి మొదలై ఉంటే 12 వోల్టుల బ్యాటరీ తీగ ఈ మధ్యే ఊడదీసి పెట్టారని అర్థం. హెచ్చరిక దీపాలను కాసేపు ఆర్పడానికి ఇది పాత కిటుకు.

దీనికి విరుగుడు ఓబీడీ స్కానరు, అంటే కారు కంప్యూటరులోని వివరాలను చదివే పరికరం. బ్లూటూత్ అడాప్టరు ఒకటి, ఫోనులో డాక్టర్ ప్రియస్ లేదా హైబ్రిడ్ అసిస్టెంట్ వంటి యాప్ ఒకటి ఉంటే టొయోటా, లెక్సస్ కార్లకు చాలు. హోండాలకు, ఏ కారుకైనా అనుమానం తీరనప్పుడు, హైబ్రిడ్ డేటా చదవగల స్కానరున్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. లోపాల కోడ్లు లేవని చూపించగానే సంతోషపడవద్దు. కోడ్లు చెరిపేసిన తరువాత కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది, స్కానరులో ఆ అంకె కనబడుతుంది. అది పది, పదిహేను కిలోమీటర్లు అని వస్తే అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఏ కోడ్ చెరిపారు? టొయోటాలలో పి0ఎ80 అనే కోడ్ బ్యాటరీ మార్చమని చెప్పేది. పి0ఎ7ఎఫ్ బ్యాటరీ క్షీణతను చెప్పేది. ఇవి గతంలో వచ్చాయా అని నేరుగా అడిగి, జవాబు చెప్పేటప్పుడు మనిషి ముఖం కూడా చూడండి.

అసలు విషయం బ్లాకుల వోల్టేజీలో ఉంటుంది. ప్రియస్ కంప్యూటరు రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాకుగా లెక్కించి 14 బ్లాకుల వోల్టేజీలను విడివిడిగా చూపిస్తుంది. కారు నిలబడి ఉన్నప్పుడు అన్నీ దాదాపు ఒకేలా ఉండాలి, తేడా ఒక వోల్టులో రెండు మూడు పదోవంతులు మించకూడదు. అయితే నిలబడి ఉన్నప్పటి అంకెలు మంచివాళ్లలా నటిస్తాయి. గట్టిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఏ బ్లాకు మిగతావాటికంటే లోతుగా పడిపోతోందో, బ్రేకు వేసినప్పుడు ఏది అందరికంటే పైకి ఎగురుతోందో చూడాలి. రెండు సందర్భాల్లోనూ ఒకే బ్లాకు ముందుంటే అదే రోగి. తేడా ఒక వోల్టు దాటితే ఆ బ్యాటరీ జీవితం చివరి అంకంలో ఉందనే లెక్కతో బేరం మొదలుపెట్టాలని నా అభిప్రాయం. సీతమ్మధార కారులో ఏడో బ్లాకు, గేటు దాటి రోడ్డెక్కి వేగం అందుకోగానే 1.4 వోల్టులు కిందికి జారింది. ఫోను తెర చూస్తున్న మా బావమరిది "బావా, ఇది మా ఓడ మీద జనరేటరు బ్యాటరీలాగే ఉంది" అన్నాడు. అది పొగడ్త కాదు.

స్కానరు లేకపోయినా చేయగల పరీక్ష మరొకటి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కారును పార్కింగులో నిలిపి, కారు కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ దీపం వెలుగుతుండగా ఏసీని పూర్తిగా పెట్టి గడియారం చూస్తూ కూర్చోండి. ఇంజిన్ ఆగి, ఏసీ బ్యాటరీతో నడుస్తుంది. మంచి బ్యాటరీ అయితే చాలా నిమిషాలు అలా మౌనంగా ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలకోసారి ఇంజిన్ లేచి ఆగుతుంటే సామర్థ్యం హరించుకుపోయినట్టే. ఆ సమయంలో వెనుక సీటు దగ్గర ఫ్యాను విమానంలా మోగుతుంటే బ్యాటరీ అప్పటికే వేడిగా ఉందని లెక్క.

ఒక్క విషయంలో మాత్రం అమ్మేవాడిని అనుమానించకండి. దీపాలన్నీ ఒకేసారి వెలిగి, కారు రెడీ స్థితికి రాకపోతే చాలాసార్లు తప్పు 12 వోల్టుల చిన్న బ్యాటరీదే. ప్రియస్‌లో అది డిక్కీలో ఉంటుంది, దాని ధర పెద్ద బ్యాటరీతో పోలిస్తే లెక్కలోకి రాదు. నిలిపి ఉంచిన కారులో అది ముందుగా చచ్చిపోతుంది. దాన్ని మార్చి మళ్లీ చూపించమనండి.

సింహాచలం కొండ చెప్పే నిజం

బల్లపరుపు రోడ్డు మీద ప్రతి హైబ్రిడ్ బాగానే నడుస్తుంది. అందుకే మధ్యవర్తులు బీచ్ రోడ్డు మీదో, బీఆర్‌టీఎస్ రోడ్డు మీదో ఒక చుట్టు తిప్పి తాళం వెనక్కి అడుగుతారు. మీరు మాత్రం సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగే దాకా తాళం ఇవ్వవద్దు. అంత దూరం కుదరకపోతే హనుమంతవాక నుంచి ఎండాడ వైపు వెళ్లే ఎత్తు, లేదా కైలాసగిరి దారి కనీసం చూడండి.

ఎక్కేటప్పుడు తెర మీద ఛార్జి గీతలు నెమ్మదిగా తగ్గాలి. ప్రియస్ తెరపై ఎనిమిది గీతలుంటాయి, మామూలుగా ఆరు దగ్గర తిరుగుతుంటుంది. కొండ ఎక్కడం మొదలైన నిమిషంలోనే రెండు గీతలకు పడిపోయి, ఇంజిన్ అరుస్తూ కారు బరువుగా కదిలితే బ్యాటరీ సాయం అందడం లేదు. దిగేటప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బ్రేకుల శక్తి బ్యాటరీలోకి వెళుతుంది కాబట్టి కొండ దిగడం పూర్తయ్యేసరికి గీతలు దాదాపు నిండటం సహజమే. రెండో మలుపు తిరగకముందే నిండిపోతే అది సామర్థ్యం కాదు. బిందె స్థానంలో చెంబు మిగిలింది. కింద అడవివరం చేరి కాసేపు ఆగాక, అలా నిండిన గీతలు కారణం లేకుండా జలజలా రాలిపోతే ఇక సందేహమే అక్కర్లేదు.

సివిక్ హైబ్రిడ్‌లో చూడవలసింది వేరే విధంగా ఉంటుంది. 2006 తరువాతి సివిక్ హైబ్రిడ్లలో బ్యాటరీలు ముందుగానే పాడవుతున్నాయని అమెరికాలో పెద్ద వివాదం నడిచింది, 2010లో హోండా అక్కడ సాఫ్ట్‌వేర్ మార్పు కూడా చేసింది. దాని లక్షణం ఏమిటంటే, ఛార్జి సూచిక బాగానే ఉన్నట్టు చూపిస్తూ ఉన్నట్టుండి అడుగుకు పడిపోతుంది, కాసేపటికి మళ్లీ ఎక్కుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగకపోవడం, ఐఎంఎ (హోండా హైబ్రిడ్ వ్యవస్థ) హెచ్చరిక దీపం వెలగడం మరో రెండు గుర్తులు. ఆ దీపమే తాళం తిప్పినప్పుడు కూడా ఒక్క క్షణం వెలగకపోతే, దాన్ని ఎవరో పీకేశారేమో చూడండి. కొంతమంది హైబ్రిడ్ వ్యవస్థనే ఆపేసి 1.3 లీటర్ల ఇంజిన్‌తో మామూలు కారులా అమ్మేస్తారు.

తుపాను నీరు, ఉప్పుగాలి

ఈ భాగం బెంగళూరులో కారు కొనేవాళ్లకు అంతగా అక్కరలేదు, మనకు మాత్రం ప్రాణం. హైబ్రిడ్ బ్యాటరీ వెనుక సీటు వెనకో, కిందో, నేలకు దగ్గరగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చెట్ల కింద నలిగిన కార్లను అందరం చూశాం. వాననీరు చేరిన సెల్లార్లలో మునిగినవి అంతగా కంటపడలేదు. 2015 డిసెంబరు చెన్నై వరదలు, 2020 అక్టోబరు హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు, ఇవన్నీ ఎన్నో కార్లను తడిపాయి. ఆ ఊళ్లలో ఆ తేదీలకు ముందు రిజిస్టరై, ఆ తరువాత కొద్ది నెలల్లో చేతులు మారిన కారైతే ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడిగి తీసుకోండి.

సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. మునిగిన కారులో బురద గీత అక్కడే దాక్కుంటుంది. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ కింద వాసన, ఇవి ఏ కారుకైనా చూసేవే. హైబ్రిడ్‌కు అదనంగా బ్యాటరీ పెట్టె అంచులు, దాని దగ్గరి కనెక్టర్లు చూడాలి. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలకు ఉప్పు తేమ తగిలితే పచ్చని చిలుము పడుతుంది. కొలిచే తీగ చివర్లు చిలుము పట్టినా కంప్యూటరుకు తప్పుడు వోల్టేజీ చేరి, బ్యాటరీ పోయిందనే కోడ్ రావచ్చు. మంచి సెల్లులున్న బ్యాటరీ కేవలం పట్టీలు శుభ్రం చేయడంతో బతికిన సందర్భాలున్నాయి. అయితే ఆ పెట్టెను మీరు తెరవకండి. నారింజరంగు తీగల్లో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. మూడో తరం ప్రియస్‌లో బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టరు దాన్ని 650 వోల్టుల దాకా పెంచుతుంది. బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్గు తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు పది నిమిషాలు ఆగి, విద్యుత్ చేతి తొడుగులతో పనిచేసే మనిషి చేతనే తెరిపించాలి. అలా పనిచేయడం తెలియని మెకానిక్ ఎంత మంచివాడైనా ఈ పనికి పనికిరాడు.

బ్యాటరీ మీద పడే ఇతరుల నిందలు

మన ఊళ్లో హైబ్రిడ్లకు ఎక్కువ హాని చేసేది ఏసీ గ్యాసు పట్టించడమని నా అనుమానం. ఈ కార్ల ఏసీ కంప్రెసరు బెల్టుతో తిరగదు, పెద్ద బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది, అందువల్ల దానికి కరెంటును ప్రవహింపనివ్వని ప్రత్యేకమైన నూనె కావాలి. గ్యాసుతో పాటు మామూలు నూనె ఎక్కిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని, పి0ఎఎ6 అనే లీకేజీ కోడ్ వచ్చి, కారు స్టార్టవడమే మానేస్తుంది. యజమాని బ్యాటరీ పోయిందనుకుంటాడు. ఏసీ పని ఎక్కడ చేయించారని అడగండి. బిల్లు ఉంటే చూడండి.

మూడో తరం ప్రియస్‌లో బ్యాటరీ కాక మరో ఖరీదైన బెడద హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పై, కింది భాగాల మధ్య బిగించే పట్టీ. పొగ తిరిగి లోపలికి వెళ్లే ఈజీఆర్ మార్గం మసితో మూసుకుపోవడం, కొన్నేళ్లకు గ్యాస్కెట్ పోవడం ఈ మోడల్‌కు పేరుపడిన జబ్బులు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే ఇంజిన్ గడగడా వణికి, కొన్ని క్షణాల తరువాత సర్దుకుంటే, కూలెంటు డబ్బాలో మట్టం తగ్గి ఉంటే, ఆ కారును వదిలేయడం మంచిది. 2014 ఫిబ్రవరిలో టొయోటా ప్రపంచమంతటా సుమారు 19 లక్షల ప్రియస్‌లను ఇన్వర్టరు సాఫ్ట్‌వేర్ కోసం వెనక్కి పిలిచింది. ఛాసిస్ నంబరు ఇచ్చి ఆ పని మీ కారుకు జరిగిందో లేదో డీలరును అడగండి. ఇన్వర్టరు చల్లదనానికి ఒక చిన్న పంపు ఉంటుంది. రెడీలో పెట్టి ఆ కూలెంటు డబ్బా మూత తీస్తే ద్రవం కదులుతూ కనిపించాలి. బ్రేకు పెడల్ తాకకుండా కూర్చున్నా కొన్ని సెకన్లకోసారి ముందు నుంచి పంపు మోత వినిపిస్తే బ్రేకు యూనిట్ లోపల లీకవుతోంది, అదీ చవక కాదు.

ధర, కాగితాలు

బ్యాటరీకి కొత్త ప్యాక్, మార్చిన సెల్లుల ప్యాక్ అని రెండు దారులున్నాయి. చెడిన మాడ్యూల్ ఒక్కటి తీసి పాతదే ఇంకొకటి పెట్టే మరమ్మతు చౌక, కాని మిగిలిన 27 కూడా అదే వయసువి. కొన్ని నెలలకే మరొకటి పోతుంది. అమ్మేవాడు "బ్యాటరీ కొత్తగా వేయించాం" అంటే బిల్లు మీద ఛాసిస్ నంబరు, వారంటీ తేదీ ఉన్నాయో లేదో చూడండి. అవి లేని 'కొత్త' బ్యాటరీని ఇటువంటి అతుకుల ప్యాక్‌గానే లెక్కవేయాలి.

మీరు చేయవలసింది, చూడబోయే మోడల్‌కు కొత్త ప్యాక్ ధర, బిగింపు ఖర్చు, ఆర్డరు పెడితే ఎన్ని వారాల్లో వస్తుంది అన్న మూడు విషయాలను డీలరు నుంచి ముందుగా కాగితం మీద తీసుకోవడం. పదేళ్లు దాటిన కారుకు ఆ మొత్తాన్ని అడిగిన ధరలోంచి పూర్తిగా తీసేసి చూడండి. బ్యాటరీ బాగుంటే అది మీ అదృష్టం, లేకపోతే మీ లెక్క అప్పటికే సరిపోయింది. అలా తీసేశాక మిగిలిన ధరకు ఆ కారు గిట్టుబాటు కాదనిపిస్తే మామూలు పెట్రోలు కారు కొనుక్కోవడమే నయం. టోకెన్ ఇచ్చేటప్పుడు, స్కాన్‌లో హైబ్రిడ్ లోపం తేలితే డబ్బు తిరిగి ఇవ్వాలన్న వాక్యం రసీదులో రాయించండి. రాయడానికి తటపటాయించారంటే స్కానరు పని సగం అయినట్టే.

కాగితాల్లో ఎక్కువ చెప్పవలసింది లేదు. వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. బ్యాంకు అప్పుంటే, అది తీరిందని చెప్పే ఫారం 35 లేకుండా ముందుకు వెళ్లకండి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు వచ్చాయి కనుక అక్కడి పాత సివిక్‌లు దక్షిణాదికి చౌకగా వస్తుంటాయి; ఆ చౌకదనం వెనుక పదిహేను ఉత్తరాది వేసవులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

సీతమ్మధార కారుకు మేం చెప్పిన ధర విని మధ్యవర్తి చాలా నొచ్చుకున్నాడు. తొమ్మిది రోజుల తరువాత అతనే ఫోన్ చేశాడు. కొత్త ప్యాక్ ఖర్చు పూర్తిగా తగ్గించుకున్నాకే మా బావమరిది దాన్ని కొన్నాడు, ప్యాక్ మార్పించాడు, గాలి జాలీని తన చేతులతోనే శుభ్రం చేశాడు. ఇప్పుడు అతను ఓడ మీద ఉన్నాడు. ఆదివారం ఉదయం మా మామగారు సెల్లార్‌లోకి దిగి, కారును రెడీలో పెట్టి, గేరును పార్కింగులోనే ఉంచి అరగంట పేపరు చదువుకుంటారు. న్యూట్రల్‌లో ఉంచితే ఇంజిన్ తిరుగుతున్నా పెద్ద బ్యాటరీకి ఛార్జి ఎక్కదని ఆయనకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. నెలకోసారి ఎంవీపీ కాలనీ దాకా వెళ్లి కూరగాయలు తెస్తారు. ఆ సంచిని మాత్రం వెనుక సీటు మీద జాలీకి ఎదురుగా పెట్టనివ్వరు, డిక్కీలోనే పెట్టిస్తారు.